అప్‌డేట్: జాడీలోని చీటీ, రోజుకొక పాట
2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు, మా ఇంట్లోని రెండు వందల పైచిలుకు క్యాసెట్లలోంచి రోజుకొక పాటను పక్షపాతం లేకుండా ఎంచి బంధుమిత్రులకు పంపే మార్గం చెప్పమని ఇక్కడ మిమ్మల్ని అడిగాను. మీరు సూచించినట్లే క్యాసెట్లకు అంకెలు వేసి, చీటీలను ఖాళీ ఊరగాయ జాడీలో పోసి, పొద్దున్నే మా అమ్మగారి చేత ఒకటి తీయిస్తున్నాను. టేపు ఎక్కడ ఆగి ఉంటే అక్కడి పాటే ఆనాటి పాట. మొదటి వారంలో నాలుగుసార్లు ఘంటసాల గారే రావడంతో నేను చీటీలు సరిగా కలపడం లేదని ఆవిడ అనుమానించారు (నిజానికి మా సేకరణలో సగం ఆయనవే). ఈమని శంకరశాస్త్రి గారి వీణ వచ్చిన రోజున మాత్రం టేపు చిక్కుపడింది. పెన్సిలుతో చుట్టి, ప్లేయర్‌లో టేపుకు తగిలే హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచాక గాని గమకాలు (స్వరాల ఊపులు) స్పష్టంగా వినిపించలేదు. ఒకే క్యాసెట్ మళ్లీ రాకుండా, తీసిన చీటీని తిరిగి జాడీలో వేయడం ఇప్పుడు మానేశాను.