బ్యాంకాక్‌లో కాండో కొంటున్నాం, సింగపూర్ నుంచి డబ్బు ఎలా పంపాలి?

నదీతీరం:
అందరికీ నమస్తే. నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బ్యాంకాక్‌లో ఆన్ నట్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) చూసుకున్నాం. రీసేల్, 42 లక్షల బాత్ (థాయ్ కరెన్సీ). అడ్వాన్స్‌గా లక్ష బాత్ పోయిన వారం ఫోన్‌లో ఉన్న ట్రాన్స్‌ఫర్ యాప్ నుంచి పంపేశాను, పది నిమిషాల్లో చేరిపోయింది, రేటు కూడా బ్యాంకు కంటే బాగా వచ్చింది. మిగతా 41 లక్షలు కూడా అలాగే రెండు మూడు విడతల్లో పంపేద్దామనుకుంటున్నా. ఇక్కడే బాత్‌గా మార్చి పంపితే మంచిదా, సింగపూర్ డాలర్లలోనే పంపాలా? ఏజెంట్‌ని అడిగితే "ఎలా పంపినా ఫర్వాలేదు, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నాడు. డబ్బు మా ఇద్దరి జాయింట్ అకౌంట్‌లో ఉంది, కానీ కాండో నా ఒక్కడి పేరు మీదే. ఇన్నేళ్ల పొదుపు ఇది, టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సుఖుమ్విత్‌వాసి:
ముందు ఆ యాప్ పక్కన పెట్టండి. రేటు సంగతి తర్వాత, అసలు విషయం వేరే ఉంది.

విదేశీయుడి పేరు మీద కాండో రిజిస్టర్ కావాలంటే, కొన్న డబ్బు బయటి దేశం నుంచి విదేశీ కరెన్సీలో వచ్చిందని ల్యాండ్ ఆఫీసులో కాగితంతో చూపించాలి. 1979 నాటి కాండో చట్టంలో 19వ సెక్షన్ చెప్పేది ఇదే. అంటే మీ డాలర్లు డాలర్లుగానే థాయ్‌లాండ్‌లో దిగాలి, బాత్‌గా మారడం అక్కడి బ్యాంకులోనే జరగాలి. సింగపూర్‌లోనే మార్చి బాత్ పంపితే ఎంత మంచి రేటు దొరికినా ఆ డబ్బు రిజిస్ట్రేషన్‌కి పనికిరాదు. చాలా యాప్‌లు చేసేది అదే, మీ దగ్గర డాలర్లు తీసుకుని థాయ్‌లాండ్‌లో లోకల్‌గా బాత్ జమ చేస్తాయి. పాస్‌బుక్‌లో చూస్తే ఊళ్లో ఎవరో వేసినట్టే కనిపిస్తుంది.

మీకు కావలసిన కాగితం పేరు ఫారిన్ ఎక్స్ఛేంజ్ ట్రాన్సాక్షన్ ఫారం, అందరూ ఎఫ్‌ఈటీ అంటారు, పాతవాళ్లు ఇప్పటికీ తోర్ తోర్ 3 అనే అంటారు. ఒక్కసారి వచ్చిన మొత్తం 50 వేల అమెరికన్ డాలర్లకి సమానంగా గానీ అంతకు మించి గానీ ఉంటే డబ్బు అందుకున్న బ్యాంకు ఆ ఫారం ఇస్తుంది. తక్కువైతే బ్యాంకు నుంచి లెటర్ తీసుకోవాలి. అందుకే ముక్కలు ముక్కలుగా పంపకండి, ఎన్ని ముక్కలైతే అన్ని కాగితాలు.

నేను 2019లో కొన్నప్పుడు మూడు విడతలుగా పంపాను. అందులో ఒకటి యాప్ నుంచి. ల్యాండ్ ఆఫీసులో కౌంటర్ దగ్గర ఆవిడ నా కాగితాలు వరసగా పేర్చి, ఒక్కో మొత్తం పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్ పెట్టుకుంటూ కాలిక్యులేటర్‌లో కూడుతోంది. మూడో కాగితం దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. అది యాప్ ఇచ్చిన రసీదు. తల అడ్డంగా ఊపి ఫైలంతా క్లిప్పు పెట్టి వెనక్కి ఇచ్చేసింది. అమ్మే ఆయన ఆ రోజు సెలవు పెట్టుకుని చియాంగ్ మాయ్ నుంచి వచ్చాడు పాపం. ఆ మొత్తం మళ్లీ స్విఫ్ట్‌లో (బ్యాంకు నుంచి విదేశీ బ్యాంకుకి నేరుగా పంపే పద్ధతి) తెప్పించి, కాగితం తీసుకుని, మళ్లీ అందరం కలిసేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

మీ లక్ష అడ్వాన్స్‌కి ఇప్పుడు కాగితం లేదు. ఎఫ్‌ఈటీలో ఉన్న మొత్తం కాండో ధరకి తగ్గకూడదు కాబట్టి 41 కాదు, మొత్తం 42 లక్షలకి సరిపడా కొత్తగా పంపండి. ఆ లక్ష వెనక్కి ఇస్తారా, ఫీజుల్లో సర్దుతారా అన్నది అమ్మేవాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

జాయింట్ అకౌంట్ వద్దు. ముందు మీ ఒక్కరి అకౌంట్‌లోకి మార్చుకుని అక్కడి నుంచి పంపండి, పంపేవారి పేరు కొనేవారి పేరు ఒకటే అయితే ప్రశ్నలే ఉండవు. స్విఫ్ట్‌లో పర్పస్ దగ్గర కాండో కొనుగోలు కోసమని, బిల్డింగ్ పేరు, యూనిట్ నంబరు సహా రాయించండి.

మల్లిక_బీకేకే:
పై రిప్లైలో ప్రతి మాటా నిజం. ఛార్జీల గురించి నేను చెప్తా. స్విఫ్ట్ పంపేటప్పుడు ఛార్జీలు ఎవరు భరిస్తారని అడుగుతారు, 'అవర్' ఎంచుకోండి, అంటే అన్నీ మీరే కట్టడం. లేకపోతే మధ్యలో ఉన్న బ్యాంకు ఎంతో కొంత కోసుకుంటుంది, చేరిన మొత్తం ధర కంటే కాస్త తగ్గినా మళ్లీ తలనొప్పి. రేటు కూడా రోజూ కదులుతుంది కాబట్టి లెక్క కంటే కొంచెం ఎక్కువే పంపండి. ఇక కాండో మీ పేరు మీదకి మార్చే ట్రాన్స్‌ఫర్ ఫీజు ల్యాండ్ ఆఫీసు లెక్కగట్టిన విలువ మీద 2 శాతం ఉంటుంది, సాధారణంగా కొనేవారు, అమ్మేవారు చెరి సగం, కానీ అగ్రిమెంట్‌లో ఏం రాశారో చూసుకోండి.

ఇంకోటి, ఇది అన్నిటికంటే భయపెట్టే విషయం. అకౌంట్ నంబరు మారింది, ఇందులో వేయండి అని ఈమెయిల్ వస్తే నమ్మకండి. ఏజెంట్ మెయిల్ హ్యాక్ చేసి అచ్చం అతను రాసినట్టే రాస్తారు. మీ దగ్గర ముందు నుంచి ఉన్న నంబరుకి ఫోన్ చేసి, అంకెలు ఒక్కొక్కటి చదివించుకున్నాకే పంపండి. మీ పేరు మీద థాయ్ బ్యాంకు అకౌంట్ తెరవగలిగితే ఇంకా మంచిది. డబ్బు అందులోకి వస్తుంది, రిజిస్ట్రేషన్ రోజు అమ్మేవారి పేరు మీద క్యాషియర్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్) తీసుకుని కౌంటర్ దగ్గరే ఇస్తారు. కాండో మీ పేరు మీదకి మారేదాకా డబ్బు మీ చేతిలోనే ఉంటుంది.

పాతఓనర్:
నేను అమ్మేసి బయటపడ్డవాడిని. ఎఫ్‌ఈటీ కొన్న రోజుకే కాదండి, అమ్మిన రోజుకి కూడా కావాలి. డబ్బు దేశం దాటించడానికి బ్యాంకుకి వెళ్తే ముందు అడిగింది ఆ కాగితమే. ఒరిజినల్ పారేయకుండా దాచుకున్నాను కాబట్టి పని అయింది. ల్యాండ్ ఆఫీసుకి ఇచ్చేముందు కలర్ స్కాన్ తీసి పెట్టుకోండి.

డబ్బు పంపేలోపు బిల్డింగ్ మేనేజ్‌మెంట్ ఆఫీసు నుంచి ఫారిన్ కోటా లెటర్ అడగండి. అన్ని యూనిట్ల విస్తీర్ణంలో 49 శాతం దాకానే విదేశీయుల పేరు మీద ఉండొచ్చు. కోటా నిండిపోతే మీ డబ్బు ఎంత పద్ధతిగా వచ్చినా ఉపయోగం లేదు. ఏజెంట్ నోటి మాట వద్దు, లెటర్ మీ చేతికి రావాలి.

నదీతీరం:
చాలా థాంక్స్ అందరికీ, ఇవాళ్టి వరకు రేటు గురించే ఆలోచించాను. ఈ ఉదయం బ్యాంకులో అడిగితే డబ్బు ఎక్కడిదో చూపించమన్నారు, ఆరు నెలల జీతం స్లిప్పులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ క్లోజ్ చేసిన కాగితం ఇచ్చాను. ఒక్క డౌట్. పాస్‌పోర్ట్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు అకౌంట్‌లో ఇనీషియల్ మాత్రమే ఉంది. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా?

సుఖుమ్విత్‌వాసి:
ఉంటుంది, పంపకముందే సరిచేయించండి. పాస్‌పోర్ట్ తీసుకెళ్లి అకౌంట్‌లో పేరు పూర్తిగా మార్పించండి, ఎఫ్‌ఈటీలో అదే స్పెల్లింగ్‌తో వస్తుంది. థాయ్ బ్యాంకు ఫారం ఇవ్వగానే అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి పేరు, పాస్‌పోర్ట్ నంబరు, మొత్తం, పర్పస్ చదవండి, తప్పుంటే అప్పుడే దిద్దించండి. రిజిస్ట్రేషన్ ఏప్రిల్ మధ్యలో పెట్టుకోకండి, సోంక్రాన్‌కి (థాయ్ కొత్త సంవత్సరం పండగ) 13 నుంచి 15 దాకా బ్యాంకులు, ఆఫీసులు అన్నీ మూసే ఉంటాయి.