ఆనర్స్‌ల డిఫరెన్షియల్ క్యాల్క్యులస్ ఉంచుకోవాల్నా, మామూలు కాంబినేషన్‌కి మారాల్నా?

నకిరేకల్_పిల్ల:
అన్నలూ అక్కలూ జర హెల్ప్ చెయ్యుర్రి. ఇంటర్ ఎంపీసీ నల్గొండల చదివిన, మ్యాథ్స్ 1బీ పేపర్ల 75కి 73 వచ్చినయి, డిఫరెన్షియేషన్, టాంజెంట్ నార్మల్, మ్యాక్సిమా మినిమా అంటే మస్తు ఇష్టం, గందుకే ఇంజినీరింగ్ వద్దని ఇంట్ల కొట్లాడి మరీ బీఎస్సీ మ్యాథ్స్ ఆనర్స్‌ల చేరిన. ఇప్పుడేమో క్లాసులు షురూ అయినంక ఒక్క డెరివేటివ్ కూడా చేయిస్తలేరు, రియల్ నంబర్స్ అంటే ఏంది, సుప్రీమం అంటే ఏంది, ఇదే నడుస్తుంది. అసైన్‌మెంట్ల ఎక్స్ 3కి పోతుంటే ఎక్స్ స్క్వేర్ 9కి పోతదని ఎప్సిలాన్ డెల్టాతోని ప్రూవ్ చెయ్యమన్నరు. 3 పెడితే 9 వస్తది, ఇంక ప్రూవ్ చేసుడేంది?? ఇంకో దాంట్ల సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ 1 అని ఎల్ హాస్పిటల్ రూల్‌తోని (పైనా కిందా డెరివేటివ్ తీసి లిమిట్ చూసుడు) రెండు లైన్లల్ల చేసిన, సార్ సున్నా వేసి పక్కన "సర్క్యులర్" అని రాసిండు. ఈ నెలాఖరు దాక మ్యాథ్స్ స్టాట్స్ కంప్యూటర్స్‌కి మారొచ్చంట. నాన్నేమో రోజు ఫోన్ చేసి దీంతోని జాబ్ వస్తదా అనే అడుగుతుండు. ఉండాల్నా మారాల్నా?

పాలమూరు_పోరడు:
మారిపో చెల్లె. బీఈడీ చేసి టెట్, డీఎస్సీ రాస్తే నువ్వు ఆనర్స్ చేసినవా మామూలు డిగ్రీ చేసినవా అని ఎవ్వరు అడగరు, పీజీకి సీపీజెట్ రాయాలన్నా మ్యాథ్స్ ఉన్న మామూలు బీఎస్సీ సరిపోతది. మాది మహబూబ్‌నగర్ల మామూలు డిగ్రీనే, ఆ క్యాల్క్యులస్ పేపర్ ఇంటర్‌కి కొంచెం పైన ఉంటది అంతే, పార్షియల్ డిఫరెన్షియేషన్, కర్వేచర్ అసొంటివి వస్తయి, ఫార్ములాలు తెలిస్తే గట్టెక్కుతవ్. కంప్యూటర్స్ ఉంటే సాఫ్ట్‌వేర్ దిక్కు కూడా ఒక దారి ఉంటది.

ఎప్సిలాన్_అక్క:
పోరడు చెప్పింది ఉద్యోగం మటుకు చూస్తే కరెక్టే, కానీ పిల్ల మ్యాథ్స్ ఇష్టమని చేరింది కదా, ఆ సున్నా ఎందుకు పడ్డదో తెలుసుకోకుండ ఎట్ల మారమంటం. చూడు చెల్లె, ఎల్ హాస్పిటల్ వాడాల్నంటే సైన్ డెరివేటివ్ కాస్ అని ముందే తెలిసి ఉండాలె. అది ఎట్ల తెలిసింది? డెఫినిషన్‌తోని చేస్తే మధ్యల సైన్ హెచ్ బై హెచ్ లిమిట్ 1 అని వాడే చేస్తరు. అంటే నువ్వు దేన్నైతే నిరూపించాల్నో దాన్నే వాడుకున్నవ్. లెక్క చేసేటప్పుడు ఆ రూల్ వాడితే ఎవ్వరేమనరు, కానీ నిరూపించు అన్నప్పుడు నడవదు. వృత్తంల చిన్న త్రిభుజం, సెక్టార్, బయటి త్రిభుజం గీసి వైశాల్యాలు పోల్చి సాండ్‌విచ్ పెడతరు చూడు, అట్ల రాస్తే సార్ మార్కులు వేస్తుండె.

ఎక్స్ స్క్వేర్ ముచ్చట కూడా చెప్త. 3 పెడితే 9 వస్తది అంటే 3 దగ్గర ఫంక్షన్ విలువ చెప్పినట్టు, లిమిట్ అడిగేది 3 చుట్టుపక్కల సంగతి. ఎక్స్ స్క్వేర్ 9కి ఎంత దగ్గర ఉండాల్నో అది ఎప్సిలాన్, దానికోసం ఎక్స్ 3కి ఎంత దగ్గర ఉండాల్నో అది డెల్టా. ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 అంటే ఎక్స్ మైనస్ 3 ఇంటూ ఎక్స్ ప్లస్ 3. మొదటిది నీ చేతిల ఉంది, రెండోది ఎగిరిపోకుండ పట్టుకోవాలె. డెల్టా 1 దాటొద్దు అనుకో, అప్పుడు ఎక్స్ 2కీ 4కీ మధ్యలనే ఉంటది, ఎక్స్ ప్లస్ 3 అనేది 7 దాటదు. ఇగ మొత్తం ఎప్సిలాన్ కన్నా తక్కువ కావాల్నంటే 1, ఎప్సిలాన్ బై 7, ఈ రెండిట్ల ఏది చిన్నదైతే అది డెల్టా. అంతే అయిపాయె. మొదట్ల ఈ 7 యాడికెళ్లి ఊడిపడ్డదని అందరికీ మండుతది, చిత్తు కాయితం మీద వెనక నుంచి చేసి ఫెయిర్‌ల ముందు నుంచి రాస్తరు, ఈ మాట క్లాస్‌ల ఎవరూ చెప్పరు.

మిర్యాలగూడ_లెక్చరర్:
సుప్రీమం ఎందుకు అని అడిగింది కదా అమ్మాయి, దానికి నేను చెప్త. 1బీల రోల్స్ థియరం (రెండు చివర్ల విలువ ఒక్కటే అయితే మధ్యల ఒక్కచోటన్నా డెరివేటివ్ సున్నా అయితదనేది) "వెరిఫై చెయ్యండి" అని లెక్క వచ్చేది గుర్తుందా, అక్కడ వెరిఫై చేసుడే, నిరూపించుడు ఉండదు. ఆనర్స్‌ల నిరూపిస్తరు. దానికి క్లోజ్డ్ ఇంటర్వెల్ల కంటిన్యుయస్ ఫంక్షన్‌కి మ్యాక్సిమం కచ్చితంగ దొరుకుతదని కావాలె, అది దొరకాల్నంటే నంబర్ లైన్ల సందులు ఉండొద్దు. రేషనల్ నంబర్లు మాత్రమే తీసుకో, ఎక్స్ స్క్వేర్ మైనస్ 2 అనేది 1 దగ్గర మైనస్ ఉంటది, 2 దగ్గర ప్లస్ ఉంటది, మధ్యల ఎక్కడా సున్నా కాదు, ఎందుకంటే రూట్ 2 ఆ సంఖ్యల్ల లేనే లేదు. ఆ సందు పూడ్చేదే సుప్రీమం, అంటే ఒక సెట్‌ల ఏ సంఖ్యా దాటని హద్దులల్ల అన్నిటికన్నా చిన్నది. అది లేకుంటే మీన్ వాల్యూ థియరం లేదు, అది లేకుంటే డెరివేటివ్ పాజిటివ్ అయితే ఫంక్షన్ పెరుగుతది అనే మాట కూడా నిలవదు. నువ్వు ఇష్టమన్న మ్యాక్సిమా మినిమా మొత్తం దాని మీదనే ఉంది.

బొమ్మ గీస్తే తెలుస్తలేదా అంటరు మా పిల్లలు. 1872ల వైర్‌స్ట్రాస్ అనే జర్మన్ లెక్కల పండితుడు ఒక ఫంక్షన్ చూపించిండు, అంతటా కంటిన్యుయసే, ఒక్క పాయింట్ దగ్గర కూడా డిఫరెన్షియబుల్ కాదు, గీయుర్రి దాన్ని చూద్దాం. అంత దూరం ఎందుకు, ఎక్స్ స్క్వేర్ ఇంటూ సైన్ 1 బై ఎక్స్ తీసుకొని 0 దగ్గర విలువ 0 అని పెట్టు, డెరివేటివ్ అంతటా ఉంటది కానీ ఆ డెరివేటివ్ 0 దగ్గర కంటిన్యుయస్ కాదు. ఇది డెఫినిషన్‌తోనే తేలుతది, ఫార్ములాతోని తేలది.

మారాల్నా అంటే, మార్కులు చూసి నిర్ణయించకమ్మా, మొదటి ఇంటర్నల్స్‌ల దాదాపు అందరికీ తక్కువనే వస్తయి. ఒక్క ప్రాబ్లం పట్టుకొని సాయంత్రమంతా కూసుంటే చిరాకు వస్తుందా, వదలబుద్ధి అయితలేదా, అది చూసుకో. చిరాకే అయితే స్టాట్స్ మంచి సబ్జెక్టు, తక్కువది ఏం కాదు. ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీ చెయ్యాల్నని ఉంటే మాత్రం ఈ కష్టం ఇప్పుడు కాకుంటే అప్పుడైనా పడాల్సిందే.

పాలమూరు_పోరడు:
సార్ చెప్పినంక నాకే డౌట్ వస్తుంది నేను చదివింది క్యాల్క్యులసేనా అని 😂 అయినా నా మాట మీదనే ఉన్న. ఇంట్ల పైసల సంగతి కూడా చూసుకో చెల్లె, జామ్‌కి ప్రిపేర్ అయితవా కాదా అన్నది తర్వాత ముచ్చట.

నకిరేకల్_పిల్ల:
థాంక్స్ సార్, థాంక్స్ అక్కా. ఇంకా ఏం డిసైడ్ కాలే, నాన్నతోని ఆదివారం మాట్లాడత. కానీ అక్క చెప్పినట్టు ఒకటి సొంతంగ చేసిన, చూసి చెప్పుర్రి. ఎక్స్ 2కి పోతుంటే 1 బై ఎక్స్ సగానికి పోతది. తేడా తీస్తే పైన మాడ్ ఎక్స్ మైనస్ 2, కింద 2 ఎక్స్. డెల్టా 1 దాటొద్దు అనుకున్న, అప్పుడు ఎక్స్ 1 కన్నా ఎక్కువ, కింద ఉన్నది 2 కన్నా ఎక్కువ, అందుకని 1, 2 ఎప్సిలాన్, రెండిట్ల చిన్నది డెల్టా. కరెక్టేనా??

ఎప్సిలాన్_అక్క:
కరెక్టే 👏 ఇప్పుడు 2 తీసేసి ఏదన్నా పాజిటివ్ నంబర్ తీసుకొని దానికి "ఏ" అని పేరు పెట్టి చెయ్. డెల్టా 1 దాటొద్దు అన్నది అక్కడ పనిచెయ్యదు, ఆ "ఏ" చిన్నదైతే ఎక్స్ సున్నా దాక పోతది. 1 బదులు ఏం పెట్టాల్నో ఆలోచించి ఇక్కడనే రాయి, సార్ చూస్తరు.