రాష్ట్రపతి ఎన్నికలో మన ఎమ్మెల్యే ఓటు 159, తిరుత్తణి ఎమ్మెల్యేది 176. ఎందుకీ తేడా?

నగరి మగ్గం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నగరి, పవర్‌లూమ్ పని. మా అక్కను తిరుత్తణిలో ఇచ్చినాం. ఆడికృత్తికకు కావడి మొక్కు ఉంటే ఇంటిల్లిపాదీ అక్కడికి పోయినాం. భోజనాలయినాక బావ రాజకీయాలు ఎత్తుకున్నాడు. ఆయనకు డీఎంకే, అన్నాడీఎంకే అయిపోతే తర్వాత మా మీదికే వస్తాడు.

"2022 రాష్ట్రపతి ఎన్నికలో మీ ఆంధ్రా వాళ్ళు ఉన్న ఓట్లన్నీ మూటగట్టి ముర్ముకే ఇచ్చేసినారు. యశ్వంత్ సిన్హాకు ఒక్కటంటే ఒక్కటి లేదు. మీకు ఎన్నిక ఎందుకు?" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "మా ఎమ్మెల్యే ఓటు విలువ 176, మీ రోజా ఓటు 159" అని ఫోన్ తీసి అందరికీ చూపించినాడు. అప్పుడు మా నగరి ఎమ్మెల్యే ఆమే కదా. మా నాయన కూడా "అట్లనా?" అని వాళ్ళ పక్కే చూస్తా ఉంటే నాకు మండింది.

నా అనుమానం ఏందంటే, ఇక్కడి నుంచి తిరుత్తణికి అరగంట ప్రయాణం. గేటు దాటితే అదే మగ్గం, అదే నూలు, సగం మంది మాట్లాడేది తెలుగే. మరి ఓటు విలువ 17 ఎందుకు తగ్గాలి? రెండోది, 2022లో మన అసెంబ్లీలో బీజేపీకి ఒక్క ఎమ్మెల్యే కూడా లేడు. అయినా మొత్తం వాళ్ళ అభ్యర్థికే ఎట్ల పడినాయి? రహస్య ఓటు అంటారు కదా, అసలు ఆ సంగతి బయటికి ఎట్ల తెలిసింది? తెలిసినవాళ్ళు చెప్పండి. దీపావళికి వాళ్ళు మా ఇంటికి వస్తారు.

సివిక్స్ మాస్టరు, చిత్తూరు

నాయనా, మీ బావ చెప్పిన అంకెలు రెండూ కరెక్టే. దాన్నిబట్టి ఆయన తేల్చిందే తప్పు. జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి, కాస్త పొడుగ్గానే చెప్తాను.

రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. రాజ్యాంగం 55వ అధికరణంలో ఉంది. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 లెక్క. ఇప్పుడున్న ఆంధ్రప్రదేశ్ హద్దుల్లో 1971లో 2,78,00,586 మంది. సీట్లు 175. భాగిస్తే 158.86, అంటే 159. తమిళనాడులో అప్పుడు 4,11,99,168 మంది, సీట్లు 234. లెక్క 176కు వస్తుంది.

మీ బావను ఒక్క ప్రశ్న అడుగు. ఆయన ఎమ్మెల్యే ఎంతమందికి లెక్క? సగటున 1 లక్షా 76 వేల మందికి. మీ ఎమ్మెల్యే 1 లక్షా 59 వేల మందికి. మనిషికి ఇంత అని చూస్తే ఇద్దరిదీ ఒకటే, వెయ్యి మందికి ఒక ఓటు. మన 175 మందిదీ కలిపితే 27,825, వాళ్ళ 234 మందిదీ కలిపితే 41,184. జనాన్ని బట్టే వచ్చింది. తమిళనాడులో జనానికి తగ్గట్టు సీట్లు కొంచెం తక్కువ ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కరి ఓటు బరువెక్కింది. అందులో గొప్ప ఏముంది? ఆ లెక్కన ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208. ఆయన ముందు మీ బావ కూడా తలకాయ వంచాల్సిందే. సిక్కిం ఎమ్మెల్యేది 7.

ఇంకో సంగతి కూడా చెప్పు. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. హద్దుల సర్దుబాటులో ఆ ఏడాది ఏప్రిల్ 1న మద్రాసుకు పోయింది. పోకుండా ఉంటే వాళ్ళదీ 159కి అటూ ఇటూనే ఉండేది. తిరుత్తణి దగ్గర పుట్టి, మన తిరుపతి మిషన్ స్కూల్లో చదువుకున్న రాధాకృష్ణన్ గారు 1962లో రాష్ట్రపతి అయినారు. ఆయన మావాడంటే మావాడని రెండు పక్కలా కొట్టుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

1971 దగ్గరే ఎందుకు ఆపినారని అడుగుతారు. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణతో ఆపినారు. తర్వాత 84వ సవరణతో 2026 దాటినాక వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించినారు. దీనివల్ల బాగుపడింది మనమూ తమిళనాడూ ఇద్దరమూ. 2011 జనాభా పెట్టి లెక్కేస్తే యూపీ ఎమ్మెల్యే ఓటు 496 అవుతుంది, తమిళనాడుది 308, మనది 280 పైచిలుకు. మీరిద్దరూ 159, 176 అని అరుచుకునే బదులు ఆ 496 సంగతి మాట్లాడుకుంటే బాగుంటుంది.

ఇక మూటగట్టి ఇచ్చిన సంగతి. 2019లో గెలిచింది వైసీపీ 151, టీడీపీ 23, జనసేన 1. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలు. అయినా 2022 జూలైలో ముర్ముగారు ఇక్కడికి వస్తే, ఒకే రోజు జగన్ పార్టీ వాళ్ళూ కలిసినారు, చంద్రబాబు పార్టీ వాళ్ళూ కలిసినారు. జూలై 18న ఓటింగ్. 173 మంది వేసినారు, 173 కూడా ఆమెకే. 27,507 విలువ. 2017లోనూ అంతే. కోవింద్‌కు 171, మీరా కుమార్‌కు సున్నా.

నా మట్టుకు నేను దీన్ని అభ్యర్థి మీద ప్రేమ అనుకోను. ఢిల్లీతో పని ఉన్నవాళ్ళు ఢిల్లీ మాట వింటారు. అధికారంలో ఉన్న పార్టీకి నిధులు కావాలి, అప్పుకు అనుమతి కావాలి. ప్రతిపక్షానికి రేపు పొత్తు కావాలి. ఇద్దరికీ పని ఒకే తలుపు దగ్గర పడింది. పాత ఉమ్మడి రాష్ట్రంలో ఇట్లా ఉండేది కాదు. 2012లో ప్రణబ్, సంగ్మా పోటీ పడినప్పుడు వైసీపీ ప్రణబ్‌కు వేసింది, టీడీపీ ఎవరికీ వేయకుండా దూరంగా ఉండిపోయింది.

బాలాజీ కాలనీ గ్రూప్స్

మాస్టారూ, లెక్క బ్రహ్మాండంగా చెప్పినారు. నేను తిరుపతిలో గ్రూప్-2కి చదువుతున్నాను, ఈ టాపిక్ బిట్లు బిట్లుగా తినేసినాను కాబట్టి మిగతా అనుమానం నేను తీరుస్తాను.

ఓటు రహస్యమే. ఎవరు ఎవరికి వేసినారో తెలీదు. కానీ లెక్కింపు రాష్ట్రాలవారీగా చేస్తారు. ముందు ఎంపీల ఓట్లు, తర్వాత ఇంగ్లీషు అక్షరాల వరసలో రాష్ట్రాలు. ఆ వరసలో మొదట వచ్చేది ఆంధ్రప్రదేశే. అందుకే మన సున్నా అందరికంటే ముందు టీవీలో కనిపిస్తుంది. మనలాగే నాగాలాండ్, సిక్కింలో కూడా ముర్ముకు తప్ప ఇంకొకరికి పడలేదు.

కేరళ చూడండి, ఇంకా తమాషా. అప్పుడు అక్కడా బీజేపీకి ఎమ్మెల్యే లేడు. 140 మందిలో 139 సిన్హాకు, ఒకటి ముర్ముకు. ఆ ఒక్కరు ఎవరన్నది ఈరోజు దాకా తేలలేదు. తేలినా పార్టీ చేసేది పెద్దగా ఏమీ ఉండదు, ఎందుకంటే ఈ ఎన్నికకు విప్ (ఫలానా వాళ్ళకే వేయాలన్న పార్టీ ఆదేశం) జారీ చేయకూడదు, వేరేవాళ్ళకు వేసినారని ఫిరాయింపు చట్టం కింద పదవి తీయడానికీ లేదు. అంటే మన 173 మందిలో ఒక్కరు మనసు మార్చుకున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా ఒక్కరూ మార్చుకోలేదు! మాస్టారు అన్నట్టు ఢిల్లీ పని ఒక్కటే కారణమైతే కనీసం నలుగురన్నా జారిపోయేవాళ్ళు. ఒక సంతాలీ గిరిజన మహిళ మొదటిసారి రాష్ట్రపతి అవుతుంటే ఎదురు వేయడానికి చాలామందికి చెయ్యి రాలేదని నా అభిప్రాయం. అరకు, పాడేరు లాంటి ఎస్టీ సీట్లున్న రాష్ట్రం కదా మనది.

ఎమ్మెల్యేల బ్యాలెట్ గులాబీ రంగు, ఎంపీలది ఆకుపచ్చ. సొంత పెన్నుతో వేస్తే చెల్లదు. పోలింగ్ దగ్గర ఎన్నికల సంఘం వాళ్ళిచ్చే ఊదారంగు సిరా పెన్నుతోనే పేరు ఎదురుగా ఇష్టం వరసలో 1, 2 అని అంకె వేయాలి. టిక్కు పెట్టినా చెల్లదు. ఇంత చదువుకున్న ఎంపీల్లోనే 2022లో 15 ఓట్లు చెల్లకుండా పోయినాయి. ఆ ఏడాది రాష్ట్రాల నుంచి ఢిల్లీకి పెట్టెలను విమానంలో పంపేటప్పుడు "మిస్టర్ బ్యాలెట్ బాక్స్" అని పేరు పెట్టి టిక్కెట్టు కొన్నారు, ముందు వరసలో ఆఫీసరు పక్క సీటు. మా రూమ్మేటు అయితే నేను చెప్తే నమ్మలేదు.

పలమనేరు

మీరంతా తూర్పు పక్కే చూస్తున్నారు. మా పక్క రండి. ఘాట్ అవసరం లేకుండా బండి వేసుకుని పోతే ముళబాగిలు. అక్కడి ఎమ్మెల్యే ఓటు 131. కర్ణాటకలో 224 సీట్లు, 1971లో జనం 2 కోట్ల 93 లక్షలు. మా పలమనేరు ఎమ్మెల్యేది 159. టమోటా మండీలో కోలారు వాళ్ళు రేటు దగ్గర మమ్మల్ని ఏడిపిస్తారు, ఇక్కడన్నా మాదే పైచెయ్యి.

మాస్టారూ ఒక డౌటు. తెలంగాణ విడిపోక ముందు మన ఎమ్మెల్యే ఓటు 148 అని మా అన్న అంటాడు. జనం పెరగలేదు, లెక్క 1971దే, మరి 159 ఎట్ల అయింది?

సివిక్స్ మాస్టరు, చిత్తూరు

మీ అన్న చెప్పింది నిజం. ఉమ్మడి రాష్ట్రానికి 294 సీట్లు, 1971 జనాభా 4 కోట్ల 35 లక్షలు, విలువ 148. విడిపోయినప్పుడు 119 సీట్లు అటు పోయినాయి. ఆ 119 సీట్ల కింద జనం 1 కోటి 57 లక్షలే. అందుకని వాళ్ళ ఎమ్మెల్యే ఓటు 132కు దిగింది, మనది 159కి ఎక్కింది. రెండూ కలిసి ఉన్నప్పుడు సగటు 148. 2014లో మనకు పెరిగినవి ఏవని ఎవరన్నా అడిగితే ఈ పదకొండు చూపించుకోవచ్చు.

బాలాజీ కాలనీ అబ్బాయ్, గిరిజన మహిళ అన్న కారణం నేను కొట్టిపారేయను. కానీ 2017లో కోవింద్‌కూ మొత్తం పడినాయి కదా? అప్పుడు అటు పక్క నిలబడిన మీరా కుమార్ కూడా దళిత మహిళే, పైగా మాజీ స్పీకర్. ఆమెకు మన దగ్గర ఒక్క చెయ్యి కూడా లేవలేదు. దీనికి నీ జవాబేమిటో నాకు వినాలని ఉంది.

1, 2 అని అంకెలు వేయడం గురించి రాసినావు. అది ఊరికే పెట్టిన పద్ధతి అనుకునేవాళ్ళు 1969 చదవాలి. నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి. ఇద్దరూ తెలుగువాళ్ళే. మొదటి ప్రాధాన్యం ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు. మూడో స్థానంలో ఉన్న దేశ్‌ముఖ్ ఓట్లలో చాలావరకు రెండో ప్రాధాన్యం కింద సంజీవరెడ్డికి వచ్చినాయి, అయినా చాలలేదు. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిని కాంగ్రెస్ ప్రధానే ఓడించిన ఎన్నిక అది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకు ఈ కథ దగ్గరిది, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయినప్పుడు సంజీవరెడ్డి శ్రీకాళహస్తి ఎమ్మెల్యే. 1955లో అక్కడి నుంచే గెలిచినారు. 1977లో రాష్ట్రపతి అయినప్పుడేమో పోటీయే లేదు. 37 మంది నామినేషన్ వేస్తే 36 తిరస్కరించినారు. సొంత రాష్ట్రం ఎమ్మెల్యేలు ఆయనకు ఓటు వేసే పనే పడలేదు.

నగరి మగ్గం

సార్, అందరికీ దండాలు. మనిషికి ఇంత అన్న లెక్క మా నాయనకు చదివి వినిపించినాను, ఆయన ఇప్పుడు మా పక్కకు వచ్చినాడు. రెండు చిన్న సందేహాలు మిగిలినాయి. ఎమ్మెల్సీలకు ఓటు ఉందా? మన ఎంపీల ఓట్లు కూడా ఆ 27,507లోనే కలిసినాయా?

బాలాజీ కాలనీ గ్రూప్స్

ఎమ్మెల్సీలకు లేదు. నామినేటెడ్ సభ్యులకూ లేదు. గెలిచిన ఎమ్మెల్యేలు, ఎంపీలకే. ఎంపీల ఓట్లు పార్లమెంటు పద్దు కింద వేరేగా లెక్కపెడతారు, ఏ రాష్ట్రం వాళ్ళని విడదీయరు. 2022లో ఎంపీ ఓటు 700. అంతకుముందు 708, జమ్మూ కశ్మీర్‌కు అసెంబ్లీ లేకపోవడంతో తగ్గింది. మనకు లోక్‌సభ 25, రాజ్యసభ 11, మొత్తం 36 సీట్లు. 25,200 అన్నమాట. 175 మంది ఎమ్మెల్యేలకు దాదాపు సమానం. మీ బావ ఉపరాష్ట్రపతి ఎన్నిక కూడా కలిపి మాట్లాడితే జాగ్రత్త, అందులో ఎమ్మెల్యేలకు ఓటే ఉండదు.

మాస్టారూ, మీరా కుమార్ సంగతికి నా దగ్గర జవాబు లేదు, పాయింటు మీదే.

సివిక్స్ మాస్టరు, చిత్తూరు

ముర్ముగారి పదవీకాలం 2027 జూలైతో అయిపోతుంది. 2024లో వచ్చిన బలాబలాలు చూస్తే టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8. కలిపి 164 మంది, 26,076 విలువ. ఇవి ఎటు పోతాయో చెప్పడానికి సివిక్స్ చదవక్కర్లేదు. వైసీపీకి మిగిలింది 11 మంది, 1,749. ఈసారి కూడా మన రాష్ట్రం లైనులో ఎదుటి అభ్యర్థికి సున్నా పడుతుందా లేదా అన్నది ఆ పదకొండు మంది చేతిలో ఉంది.