పాత బాక్‌స్టర్, ఐఎంఎస్ బేరింగ్ భయం: వారంటీ ఏమైనా ఉందా?

ప్రశ్న: అన్నలూ, మన వైజాగ్‌లో 2004 పోర్షే బాక్‌స్టర్ ఒకటి అమ్మకానికొచ్చింది, బీచ్ రోడ్‌లో ఓ రౌండ్ వేసేసరికి మనసు పడిపోయింది గానీ ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ని మోసే బేరింగ్) పోతే ఇంజనే పోద్దంటున్నారు, దీని మీద అమెరికాలో ఓనర్లు వేసిన కోర్టు కేసు సెటిల్‌మెంట్ అయిందంట కదా, మనకి పనికొస్తుందా?

జవాబు 1: లేదు బ్రో. 2013 నాటి ఆ సెటిల్‌మెంట్ అమెరికా ఓనర్లకే, 2001–2005 మోడళ్లకి, పదేళ్లు లేదా 1,30,000 మైళ్లు, ఏది ముందైతే అది. గడువు ఎప్పుడో అయిపోయింది.

జవాబు 2: వారంటీ సంగతి వదిలెయ్ తమ్ముడూ, ముందు ఆయిల్ ఫిల్టర్ విప్పించి మడతలన్నీ తెరిచి చూడు, మెరిసే ఇనుప రజను గానీ నల్ల ప్లాస్టిక్ తునకలు గానీ కనిపిస్తే అడ్వాన్స్ కూడా ఇవ్వకు. బాగుంటే కొను, క్లచ్ మార్చేటప్పుడే బేరింగూ మార్పించెయ్, గేర్‌బాక్స్ దింపే కూలీ ఒక్కసారే పడుద్ది.

జవాబు 3: బేరింగ్ ఆల్రెడీ మార్చామంటే నోటిమాట నమ్మొద్దు, బిల్లు అడుగు.