అప్‌డేట్: చర్మ పరీక్షలో టీబీ పాజిటివ్ – చివరికి తేలింది ఇదీ

చదువుకోవడానికి అమెరికా వచ్చిన నెలకే చర్మ పరీక్షలో టీబీ పాజిటివ్ వచ్చిందని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. "చిన్నప్పుడు టీబీ రాకుండా వేసిన బీసీజీ టీకా వల్ల కావచ్చు, ఇగ్రా రక్తపరీక్ష చేయించుకోండి" అన్న సలహాయే దారి చూపింది. బీసీజీ ప్రభావం ఆ రక్తపరీక్ష మీద ఉండదు. తీరా చూస్తే నాకు అదీ పాజిటివే! ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు, దగ్గూ జ్వరమూ లేవు కాబట్టి నిద్రాణ టీబీ (క్రిములు ఒంట్లో ఉన్నా జబ్బు చేయకుండా నిద్రపోతున్న స్థితి) అని డాక్టరు తేల్చారు. అది ఎవరికీ అంటదు. నేను కంచం, గ్లాసు వేరు పెట్టుకోవడం వృథా. దానికి మందుగా రిఫాంపిన్ ఇచ్చారు, మన రిఫాంపిసిన్‌నే ఇక్కడ అలా అంటారు, రోజూ 4 నెలలు వేసుకున్నాను. మూత్రం నారింజ రంగుకు తిరిగితే హడలిపోయాను, మందు రంగేనట. టీకా కార్డు కోసం అమ్మ ఇల్లంతా వెతికింది, ఎవరూ అడగనే లేదు. ఎక్స్‌రే నివేదిక, చికిత్స పూర్తయిన పత్రం మాత్రం దాచుకోండి: మందు వాడాక కూడా చర్మ, రక్త పరీక్షలు పాజిటివ్‌గానే రావచ్చు.