పచ్చి చేప తినేకి ధైర్యం చాలడం లే... సుషీ, స్పానిష్ తిన్నోళ్లు చెప్పండప్పా

అనంత_సంగటి:
వచ్చే నెల బెంగళూరుకి పోతాండాం, మా వదిన ఒక పూట జపనీస్ హోటల్, ఒక పూట స్పానిష్ హోటల్ అని పట్టు పట్టింది. నాకు చేపంటే చింతపండు పులుసు, సంగటి, అంతే. నీచు వాసన రవ్వంత తగిలినా ముద్ద దిగదు. పచ్చిది తింటే కడుపుకి ఏమన్నా అయితాదా? కారం ఉండేవి ఏమన్నా దొరుకుతాయా ఆడ?

కర్నూలు_కొండారెడ్డిబురుజు:
సుషీ అంటే అంతా పచ్చిదే అనుకుంటారు గానీ కాదు బ్రో, వెనిగర్ కలిపిన అన్నం ఉంటే అది సుషీ, ఉత్త పచ్చి చేప ముక్కలైతే సాషిమి. సుషీ మీద పెట్టే రొయ్య (ఎబీ అంటారు) మామూలుగా ఉడకబెట్టిందే, ఉనాగి అని మలుగుపాము లాంటి చేప ఉంటాది, దాన్ని ఎప్పుడూ కాల్చే పెడతారు యాలంటే దాని పచ్చి రక్తంలో విషముంటాది. ఈ రెండిటితో మొదలుపెట్టు, తర్వాత సాల్మన్ ఒక ముక్క. మంచి చోట నీచు వాసనే రాదు, మన మార్కెట్లో ఐసు కరిగిపోయిన పెట్టెల కాడ వచ్చే కంపుతో దాన్ని పోల్చొద్దు. సోయా సాస్‌లో అన్నం ముంచితే విడిపోతాది, చేప వైపు అద్దుకో. వసాబి (సుషీతో పాటు ఇచ్చే ఘాటైన పచ్చ ముద్ద) మాత్రం గోరంత చాలు, అది మన మిరపకాయ మాదిరి నాలుక మీద మండదు, నేరుగా ముక్కులోకి పోతాది, నీళ్లు తాగినా లాభం లే.

కడప_కారందోశ:
నన్నడిగితే స్పానిష్‌కే నా ఓటు. ఆడ దాదాపు అన్నీ వండినవే. గాంబాస్ అల్ అహీయో చెప్పు, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేయించి రొయ్యలు వేస్తారు, అంతే, బుడబుడా కాగుతానే టేబుల్ మీదకి వస్తాది, ఆ నూనెలో బ్రెడ్ అద్దుకుని తినాల. మేము ఇంట్లో చేసి జొన్నరొట్టెతో తిన్నాం, రొయ్యలు రెండు మూడు నిమిషాల కంటే ఎక్కువ ఉంచితే రబ్బరే. స్పెయిన్‌లో గలీసియా వైపు ఆక్టోపస్ ఉడకబెట్టి పైన ఆలివ్ నూనె, మిరపపొడి చల్లుతారు, దాంట్లో మన గుంటూరు ఘాటు ఎతకద్దు. పాయేయా అని అన్నం వంటకం ఉంటాది, అది ఆడి వాలెన్సియాది, అసలుదాంట్లో చికెన్, కుందేలు, చిక్కుళ్లు వేస్తారు. చేపలు రొయ్యలది వేరే రకం. దాన్ని గరిటె పెట్టి కలపరు, అడుగున కరకరా అంటుకున్న పొరని సొకర్రాట్ అంటారు, మనింట్లో అడుగంటితే అమ్మ తిడతాది, వాళ్లు దానికోసం కొట్లాడుకుంటారు 😀

అనంత_సంగటి:
సూపర్ అన్నా. మా మామ పీఏబీఆర్ డ్యామ్ కాడ నుంచి అప్పుడే పట్టిన చేప తెస్తాడు, దాంతో ఇంట్లో సాషిమి ట్రై చేస్తే? నిమ్మకాయ పిండితే సరిపోదా?

కర్నూలు_కొండారెడ్డిబురుజు:
వద్దే వద్దు!! డ్యామ్ చేప ఎంత ఫ్రెష్ అయినా పచ్చిగా తినకూడదు, మంచినీటి చేపల్లో లివర్‌కి పట్టే పురుగులు ఉండొచ్చు. సముద్రపు చేపల్లోనూ అనిసాకిస్ అని ఒక పురుగు ఉంటాది. నిమ్మకాయకీ వెనిగర్‌కీ అది చావదు. స్పెయిన్‌లో చిన్న చేపల్ని వెనిగర్‌లో నానబెట్టి తింటారు, బొకెరోనెస్ అని, హోటళ్లోళ్లు ముందు వాటిని ఫ్రీజ్ చేసి తీరాలని 2006లో రూల్ కూడా తెచ్చినారు. యూరప్ లెక్క మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు, అమెరికావాళ్లది 7 రోజులు. మనింటి ఫ్రిజ్ అంత చల్లబడతాదని నమ్మకం లే. పైగా ఫ్రీజ్ చేస్తే పురుగు చస్తాది గానీ బ్యాక్టీరియా చావదు. ఆ చేపని పులుసే పెట్టించుకో.

అనంత_సంగటి:
సరే అన్నా. ఇంకోటి, మా వదినకి ఇప్పుడు ఐదో నెల, ఆమె తినొచ్చునా?

కడప_కారందోశ:
అదేదో ముందే చెప్పాల కదప్పా! పచ్చివి ఏవీ వద్దు ఆమెకి, ఆ బొకెరోనెస్ కూడా వద్దు. బాగా ఉడికిన రొయ్యలు, వేడివేడి టెంపురా (మన బజ్జీ మాదిరి పిండిలో ముంచి వేయించేది), పాయేయా పర్వాలే. కత్తి చేప, పెద్ద రకం ట్యూనాల్లో మెర్క్యురీ ఎక్కువ, అవి వండినా వద్దు. డాక్టరమ్మని ఒక మాట అడగండి. జపనీస్ హోటల్‌లో పచ్చి చేప కోసిన పలక మీద ఆమెవి కోయొద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పు.