మేనకోడలికి లాసెట్టా, క్లాటా? గడువు దగ్గర పడింది, చెప్పండి

దేవరకొండ_మామ
అందరికీ నమస్కారం. మా అక్క బిడ్డ ఈసారి ఇంటర్ సీఈసీ పాసైంది. ప్రభుత్వ కాలేజీ, తెలుగు మీడియం, వెయ్యికి 871. లాయర్ అవుతానని ఎప్పటినుంచో అంటుంది. లాసెట్ (మన రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాయించి ఐదేళ్ళ కోర్సులో చేర్పిద్దామని నా ఆలోచన. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ వాళ్ళను అడిగితే "ఈ మార్కులకు లాసెట్ ఏంది సార్, ఏడాది మా దగ్గర కూర్చోబెట్టండి, డిసెంబర్‌లో క్లాట్ రాయిద్దాం, నల్సార్‌లో సీటు" అన్నారు. క్లాట్ అంటే నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష, నల్సార్ వాటిలో ఒకటి. కోచింగ్ ఫీజు లక్షా పదివేలు, హాస్టల్ వేరే. బావ ట్రాక్టర్ కిరాయికి తోలుతాడు. ఏం చేయమంటారు?

హుజూర్‌నగర్_99
క్లాట్ రాయనివ్వండి అన్నా. పోయేదేముంది?

దేవరకొండ_మామ
లక్షా పదివేలు.

నల్లకోటు
నల్గొండ కోర్టులో 14 ఏళ్ళుగా ప్రాక్టీస్ చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. లాసెట్ రాయించండి. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, మిగతా 60 న్యాయశాస్త్రానికి సంబంధించినవి. ఆ అరవైలో రాజ్యాంగం మీద పట్టున్న పిల్ల ముందుంటుంది. సీఈసీలో సివిక్స్ చదివిన పిల్లకు ఇది కొత్త కాదు.

క్లాట్ అలా కాదు. మొత్తం ఇంగ్లిష్. 450 పదాల పేరాలు ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. పుట్టినప్పటి నుంచి ఇంగ్లిష్‌లో చదివినవాళ్ళతో ఈ పిల్ల ఒక్క ఏడాదిలో పోటీ పడాలంటున్నారు కోచింగ్ వాళ్ళు. వాళ్ళకు ఫీజు వస్తుంది. పిల్లకు ఏమొస్తుంది?

మళ్ళీ_వాయిదా
సార్, లాసెట్ అంత గొప్పగా చెప్తున్నారు. అసలు క్వాలిఫై కావడానికి ఎన్ని కావాలి? 120కి 42. అంటే 35 శాతం. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి నొక్కుకుంటూ పోయినా 30 వస్తాయి. మిగిలింది 12. పన్నెండు ప్రశ్నలు తెలిస్తే లా కాలేజీకి అర్హుడు. ఇదీ పరీక్షేనా?

లెక్కల_సారు
పన్నెండు కాదు, పదహారు. 16 తెలిసి రాస్తే మిగిలేవి 104. వాటిలో గుడ్డిగా నాలుగో వంతు, 26. రెండూ కలిపితే 42.

మళ్ళీ_వాయిదా
సరే, పదహారు. మీ పదహారు మీ దగ్గరే పెట్టుకోండి. పాయింట్ అదే కదా.

లెక్కల_సారు
అదే కాదు. పన్నెండని చదివి ఒక పిల్ల పన్నెండే నేర్చుకుని పోతే బాధ్యత ఎవరిది?

నల్లకోటు
క్వాలిఫై కావడం వేరు, సీటు వేరు. మంచి కాలేజీ కావాలంటే ర్యాంకు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ 42 నిబంధన కూడా లేదు, అయినా మంచి సీటు ఎవరికీ ఊరికే రాదు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు తెలుస్తుంది.

మళ్ళీ_వాయిదా
ర్యాంకు సంగతి నన్ను అడగండి. నేను లాసెట్ సరుకునే. డిగ్రీ తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ. కాలేజీ పేరు చెప్పను. బార్ కౌన్సిల్ (లాయర్ల నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. మూడేళ్ళలో నేను కాలేజీ మెట్లెక్కింది పదకొండు సార్లు, అందులో ఆరు ఫీజు కట్టడానికే. నా హాజరు 82 శాతం అని వేశారు. మూట్ కోర్టు (కాలేజీలో ఉత్తుత్తి కోర్టు వాదన) రికార్డు కాలేజీ ఎదురుగా జెరాక్స్ షాపులో దొరుకుతుంది, పేరు మార్చి ప్రింట్ తీసి ఇస్తాడు. నేనూ అక్కడే తీసుకున్నాను.

లాయర్‌గా ఎన్‌రోల్ అయ్యాక సూర్యాపేట కోర్టులో మొదటిరోజు చేతిలో వకాలత్‌నామా (కక్షిదారు లాయర్‌కు ఇచ్చే అధికార పత్రం) పట్టుకుని నిలబడ్డాను. వెల్ఫేర్ స్టాంపు ఎక్కడ అతికించాలో తెలియదు. కోర్టు గోడ పక్కన టైపు మిషన్ పెట్టుకున్న పెద్దాయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుకతో స్టాంపు తడిపి, ఆయనే అతికించి ఇచ్చాడు. "లా ఎక్కడ చదివావు బాబూ" అని కూడా అడగలేదు. అడిగితే బాగుండేది.

అందుకే అంటున్నాను. ఒక ఏడాది పోయినా సరే, మంచిచోట చదవాలి. నల్సార్ ఎక్కడో లేదు, శామీర్‌పేటలోనే ఉంది. 1998లో పెట్టారు. మన పక్కన పెట్టుకుని మనవాళ్ళు ఎంతమంది వెళ్ళారు?

కొల్లాపూర్_మామిడి
అక్కడ ఫీజు చూశారా ఎవరైనా? నేషనల్ లా యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. ట్రాక్టర్ కిరాయి అంటున్నారు.

మళ్ళీ_వాయిదా
ఎడ్యుకేషన్ లోన్లు ఉన్నాయి.

కొల్లాపూర్_మామిడి
ఉన్నాయి. తీసుకున్నవాళ్ళను అడగండి.

పాలమూరు_పిల్ల
నేను క్లాట్ రెండుసార్లు రాశాను. రెండుసార్లూ సీటు రాలేదు. ఇప్పుడు లాసెట్‌తో ఐదేళ్ళ కోర్సు నాలుగో ఏడాది. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె, పది వరకు తెలుగు మీడియం.

మొదటిసారి ఏమైందో చెప్తాను. లీగల్ రీజనింగ్‌లో ఒక పేరా, కాంట్రాక్టు గురించి. రెండో వాక్యంలోనే "నాట్‌విత్‌స్టాండింగ్" అని ఉంది. దానికి అర్థం "అయినప్పటికీ", నేను "నిలబడకుండా" అనుకున్నాను. నవ్వకండి. ఎవరు నిలబడలేదా అని పేరా మళ్ళీ మొదటి నుంచి చదివాను. మూడోసారి చదివాక వదిలేశాను, గడియారం చూస్తే ఎనిమిది నిమిషాలు పోయాయి. 120 ప్రశ్నలకు ఉన్నది రెండు గంటలు. విచిత్రం ఏమిటంటే ఆ ఐదు ప్రశ్నలు తెలుగులో అడిగితే మా తాతే చెప్పేవాడు. పొలం కౌలు గొడవ లాంటిదే అది.

దేవరకొండ అన్నా, కోచింగ్‌లో చేర్చే ముందు ఒక పని చేయండి. ఇంగ్లిష్ పేపర్‌లో ఎడిటోరియల్ ఒకటి ఇవ్వండి. పదిహేను నిమిషాల తర్వాత అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. సగం చెప్పగలిగితే ఏడాదిలో దారికొస్తుంది. మొదటి పేరా దగ్గరే ఆగిపోతే ఆ లక్షా పదివేలు దాచుకోండి.

నల్లకోటు
ఇదే నేను చెప్తున్నది. ఆ పిల్ల చక్కగా చెప్పింది.

పాలమూరు_పిల్ల
మీరు చెప్తున్నది ఇది కాదు సార్. మీరు రాయొద్దంటున్నారు. నేను చూసుకుని రాయమంటున్నాను. ఆ రెండేళ్ళు చదివిన ఇంగ్లిష్‌తోనే ఇవాళ జడ్జిమెంట్లు చదవగలుగుతున్నాను.

హుజూర్‌నగర్_99
క్లాట్ ప్రశ్నపత్రం ప్రాంతీయ భాషల్లో కూడా ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టులో కేసు కూడా వేశారు కదా.

నల్లకోటు
వేశారు, 2023లో. అదే ఏడాది మన హైకోర్టు మొదటిసారి తెలుగులో తీర్పు ఇచ్చింది. లా అయ్యాక ప్రాక్టీస్ కోసం రాసే బార్ ఎగ్జామ్ తెలుగులో రాయొచ్చు. కింది కోర్టుల్లో సాక్షి మాట్లాడేది తెలుగే. మరి ఇంగ్లిష్ రాకపోతే లాయరే కాదన్నట్టు ఎందుకు మాట్లాడుతున్నారు ఇక్కడ కొందరు?

మళ్ళీ_వాయిదా
ఎవరూ అలా అనలేదు. మీరు ఎందుకు లాసెట్ లాసెట్ అంటున్నారో నాకు తెలుసు. నేషనల్ లా యూనివర్సిటీలో చదివినవాళ్ళు మీ చాంబర్‌లో ఫైళ్ళు మోయరు కదా. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సర్క్యులర్ ఇచ్చింది: జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని. మీ జూనియర్‌కు ఎంత ఇస్తున్నారు సార్? ఇక్కడే చెప్పండి, అందరూ చూస్తారు.

నేను మూడేళ్ళు ఒకాయన దగ్గర చేశాను. పెట్రోల్‌కు కూడా మా నాన్నే ఇచ్చాడు. 2025లో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీస్ ఉండాలంది. అంటే ఇప్పుడు ఆ మూడేళ్ళ పస్తు రూల్ ప్రకారమే.

నల్లకోటు
నా జూనియర్‌కు ఎంతిస్తానో నీకెందుకు? నువ్వు కోర్టుకు రావడం మానేసి ఎన్నాళ్ళయింది తమ్ముడూ? పేరే వాయిదా అని పెట్టుకున్నావు.

మళ్ళీ_వాయిదా
రెండేళ్ళు. ఇంట్లో తినేవాళ్ళు నలుగురు. ఇప్పుడు ఒక కంపెనీలో అగ్రిమెంట్లు చూస్తున్నాను. పక్క సీట్లో ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు, నేషనల్ లా యూనివర్సిటీ, నా జీతానికి మూడింతలు. పని ఒకటే. అతని డ్రాఫ్టులో తప్పులు నేనే దిద్దుతాను.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగత విషయాలు ఆపండి. మేనకోడలి సంగతి మాట్లాడండి.

నల్లకోటు
సరే, ఆపుతాను. ఒక్కమాట చెప్పి ఆపుతాను.

పోయిన వారం చందంపేట వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె మగడు ముప్పై ఏళ్ళ కింద సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం) మీద రెండెకరాలు కొన్నాడు. దున్నేది వీళ్ళే. కాగితాల్లో పేరు మాత్రం అమ్మినవాళ్ళది. సంచిలోంచి పాత పహాణీ (సాగు రికార్డు) నకళ్ళు తీసి టేబుల్ మీద పరిచింది, మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించింది. ధరణి పోయి భూభారతి వచ్చింది కదా కొడుకా, భూమి రికార్డుల్లో ఇప్పుడైనా నా పేరు ఎక్కుతుందా అని అడిగింది. ఇలాంటివాళ్ళు మా కోర్టుల నిండా ఉన్నారు. నేషనల్ లా యూనివర్సిటీ నుంచి ఒక్కరు కూడా మా బార్‌కు వచ్చి కూర్చోలేదు, ఈ 14 ఏళ్ళలో నేను చూడలేదు. తెలివైన పిల్లలందరినీ అక్కడికి పంపితే ఈమె కాగితం ఎవరు చదువుతారు?

పాలమూరు_పిల్ల
సార్, ఇది ముందే చెప్పాల్సింది. అంటే గొడవ పరీక్ష గురించి కాదు. ఆ పిల్ల ఎక్కడ ఉండాలన్నది మీ ప్రశ్న.

మళ్ళీ_వాయిదా
ముసలమ్మకు లాయర్ కావాలి, ఒప్పుకుంటాను. ఆ లాయర్‌కు నెల జీతం కూడా కావాలి. అది ఇవ్వకుండా ఊరి మీద ప్రేమ చూపించమంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎందుకు చూపించాలి? ఆమె దేవరకొండకు బాకీ పడలేదు.

నల్లకోటు
బాకీ అనలేదు. (నా జూనియర్‌కు 6 వేలు ఇస్తున్నాను. అడిగావు కదా. తక్కువే.)

దేవరకొండ_మామ
అందరికీ దండాలు. మీరు ఇంత మాట్లాడుకున్నాక నేను కూడా దాచకుండా చెప్తాను. ఇంట్లో అసలు పేచీ లాసెట్, క్లాట్ కాదు. బావ ఐదేళ్ళు అనగానే వెనక్కి తగ్గాడు. ఇక్కడే డిగ్రీ చదవమను, తర్వాత మూడేళ్ళ లా సంగతి చూద్దాం అంటాడు. ఆ "తర్వాత" ఏమిటో మా అక్కకు తెలుసు, ఇప్పటికే ఒక సంబంధం వచ్చిపోయింది. క్లాట్ అంటే ఏడాది ఇంట్లో, మళ్ళీ ఐదేళ్ళు. ఏడాది ఖాళీగా కనిపిస్తే చుట్టాలు ఊరుకోరు. అందుకే నేను లాసెట్ అన్నాను. ఈ జూన్‌లో రాసి ఎక్కడో ఒకచోట పేరు పడితే ఆపడం కష్టం.

కొల్లాపూర్_మామిడి
ఇది మొదటి పోస్టులోనే రాయాలి అన్నా.

పాలమూరు_పిల్ల
అన్నా, అయితే లాసెట్ రాయించి చేర్పించేయండి. డిసెంబర్‌లో క్లాట్ కాలేజీలో ఉంటూ కూడా రాయొచ్చు, దానికి వయసు పరిమితి లేదు. కోచింగ్ లేకుండా పాత పేపర్లతో రాయమనండి. ఇంట్లో ఏడాది ఖాళీ అన్న మాట రాదు.

మళ్ళీ_వాయిదా
ఇది బాగుంది. కాలేజీ మాత్రం వెబ్ ఆప్షన్ పెట్టే ముందు ఒక మామూలు పనిరోజు వెళ్ళి చూడండి. క్లాస్‌రూముల్లో బెంచీల మీద దుమ్ము ఉందో లేదో వేలితో రాసి చూస్తే చాలు.

దేవరకొండ_మామ
మామ ఫోన్ నుంచి నేను రాస్తున్నాను, మేనకోడలిని. మొత్తం చదివాను. లాసెట్‌కు నిన్న రాత్రే అప్లై చేశాను, మామకు ఇందాకే చెప్పాను. ఒక్క డౌట్. నా దగ్గర ఉన్న బుక్‌లో హత్య 302, మోసం 420 అని ఉంది. ఐపీసీ (పాత నేరాల చట్టం) నంబర్లు చదవాలా, కొత్త బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) నంబర్లా?

నల్లకోటు
రెండూ చదువు బిడ్డా. 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ అమల్లో ఉంది, అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే. కోర్టులో రెండూ నడుస్తున్నాయి.

మళ్ళీ_వాయిదా
పరీక్షకు బీఎన్ఎస్ చాలు. 302 ఇప్పుడు 103, 420 ఇప్పుడు 318. ఉన్న కొద్ది రోజుల్లో ఐపీసీ 511 సెక్షన్లూ, బీఎన్ఎస్ 358 సెక్షన్లూ రెండూ ఎందుకు మోయిస్తారు సార్ పిల్లతో?

నల్లకోటు
మోయించడం ఏంది, పట్టిక రాసుకుంటే ఒక పేజీ.

లెక్కల_సారు
ఒక పేజీలో పట్టదు.